ఆడుబిడ్డకు చాకు బహుమానము

కత్తిపీట లేని వంటయిల్లు మన వారిలో నరుదు. కూర తరుగుట, కొబ్బరి కోయుట, మామిడికాయ ముక్కలు కొట్టుట మొదలైన పనులన్నియు పదునైన యినుముతోడి పనులే. వానిని మన తల్లులు చిన్ననాడే మనకు నేర్పినారు. అయినను “నీకొక చాకు కావలయునా?” యని మనల నడిగిన వారెవ్వరు? కత్తిపీట యాడుదానిదనియు, జేబులోని చాకు మగవానిదనియు నెవ్వరో పంపకము చేసి పోయినారు. ఆ పంపకము న్యాయమైనదేనా యని నేను తలపోయుటకు మా యింటి పిల్లయే కారణమైనది.

నేను నంద్యాల కాపురస్థురాలను. నా చెల్లెలిని ఆళ్లగడ్డ కిచ్చితిమి. రెండూళ్లకు నడుమ సుమారు 40 కిలోమీటర్ల దూరము. 2022వ సంవత్సరమున నంద్యాల ప్రత్యేకజిల్లా కాగా ఆళ్లగడ్డయు నందులోనే చేరినది. చెల్లెలి కుమార్తెకు మహానంది వ్యవసాయకళాశాలలో చదువుకొను నవకాశము దొరకినది. చీర కొనవలెనా, కమ్మలు కొనవలెనా యని నేను యోచించుచుండగా ఆ పిల్లయే, “పెద్దమ్మా, నాకొక మంచి చాకు కొనిపెట్టుము. మామిడికి అంటుకట్టుట నేర్చుకొందును” అని యడిగినది.

ఈ మాట విని మా యమ్మ యదరిపడినది. “ఆడుబిడ్డకు కత్తి నిత్తురటే? అందులోను మన సీమలోనా?” అనెను. ఆమె భయము నిష్కారణము కాదు. గ్రామకక్షలలో వేటకొడవళ్లు చేసిన చెఱుపు నెఱుగని వారు మా తరములో లేరు. ఆ కక్షలవలన బిడ్డలను పోగొట్టుకొన్న తల్లుల దుఃఖమును చలనచిత్రములు వినోదముగా మార్చి, రాయలసీమ యనగా కత్తియే యను భావమును నలుదెసల వ్యాపింపజేసినవి. అట్టిచోట చాకు బహుమాన మిచ్చుట చిన్నమాట కాదు. కాని యొక కొడవలి చేసిన పాపమునకు కోతకోయు కొడవలి నెల్ల పాఱవేసితిమా? పనిముట్టునకు గౌరవము దానిచే చేయు పనినిబట్టియే వచ్చును.

మా యిరుగుపొరుగువారిలో నొకామె నన్ను సమర్థించుచు, “ఇయ్యుడమ్మా, దూరాన నుండబోవు పిల్ల. ఆత్మరక్షణకైనను పనికివచ్చును” అనెను. ఆ సమర్థనము నాకు నచ్చలేదు. చిన్న మడతచాకు రక్షణసాధనము కాదు. కంగారులో దానిని తెఱచుటయే కష్టము. తెఱచినను బలవంతుడు లాగికొనినచో పిల్లకే ప్రాణాపాయము. ఆపద తోచినప్పుడు కేకవేసి జనమున్న తావునకు పరుగెత్తుటయు, 112 అను సంఖ్యకు ఫోను చేయుటయు మేలు. ఈ మాట నేను పిల్లకు స్పష్టముగా చెప్పితిని. చాకు పనికొఱకు; పోట్లాటకొఱకు కాదు.

తరువాత ఎట్టి చాకు కొనవలెనను ప్రశ్న వచ్చినది. మా మరది ఆళ్లగడ్డలో శిల్పి. దేవతావిగ్రహములకు పేరెక్కిన యా యూరిలో నేడు విద్యుద్యంత్రములు వచ్చినను, ఉలి విలువ తెలియని శిల్పి యుండడు. ఆయన నడుగగా నిట్లు చెప్పెను: “వదినా, ఉక్కు నెఱ్ఱగా కాల్చి నీట ముంచినచో గట్టిపడును గాని గాజువలె పెళుసగును. దానిని మరల కొంచెము వేడిచేసి, గడ్డిరంగు దేఱగానే చల్లార్చినచో పెళుసుతనము తగ్గి పదును నిలుచును. మిక్కిలి గట్టిది విఱుగును. మిక్కిలి మెత్తనిది వంగును. రెంటికి నడుమ నున్నదే మంచి ఉక్కు.” ఇది మన దేశమునకు క్రొత్త విద్య కాదు. నిజామాబాదు ప్రాంతమునందలి కోనసముద్రములో చేసిన ఉక్కును కొనుటకు పూర్వము పారసీకదేశపు వర్తకులు వచ్చుచుండిరి.

ఆయన చెప్పినదియు, నేను విచారించి తెలిసికొన్నదియు సోదరీమణుల కుపయోగపడునని యిచట వ్రాయుచున్నాను.

చాకు ఉక్కు రెండువిధములు. మొదటిది సాధారణమైన ఉక్కు. ఇది సానమీద త్వరగా పదునెక్కును. కాని నిమ్మ, చింత, మామిడి రసము తగిలి తడితో నుంచినచో నల్లబడి తుప్పుపట్టును. రెండవది క్రోమియము కలిసిన స్టెయిన్‌లెస్ ఉక్కు. ఇది తుప్పును తట్టుకొనును. సానపట్టుటకు మాత్రము సాధారణముగా నోపిక యెక్కువ కావలెను. పండ్లుకోయుటకు, ప్రయాణమునకు రెండవదే సుఖము. తుడిచి నూనె రాయు శ్రద్ధ గలవారికి మొదటిది మంచి నేస్తము.

నిత్యోపయోగమునకు మూడంగుళముల యలుగు చాలును. మన దేశపు ఆయుధనియమములలో 9 అంగుళములకంటె పొడవు, లేక 2 అంగుళములకంటె వెడల్పు గల యలుగున్న కత్తులు ఆయుధములుగా లెక్కింపబడినవి. ఇంటిపనికి, వ్యవసాయమునకు చేసినవానికి మినహాయింపు కలదు. చిన్న చాకైనను విమానములో చేతిసంచిలో నుంచరాదు.

పిమ్మట కీలు చూడవలెను. తెఱచిన యలుగు ప్రక్కకు కదలరాదు. పనిచేయుచుండగా దానంతట నది మూసికొని వ్రేళ్లు తెగకుండ తాళముండుట మేలు. ఫ్రాన్సుదేశమున 1890 నుండి చేయబడుచున్న ఒపినెల్ చాకునకు 1955లో నొక లోహపుటుంగరము చేర్చినారు. దానిని త్రిప్పినచో అలుగు బిగిసి నిలుచును. పిడి సంగతియు ముఖ్యమే. బజారులోని చాకులు పెక్కు మగవాని యరచేతి కొలతకు చేసినవి. కావున వాడబోవు మనిషి చేతికే యిచ్చి, తడిచేతితో పట్టించి చూడవలెను.

ఇక అంటుకట్టు చాకు వేఱు. అంటుకొమ్మను, వేరుమొక్కను ఒక్క వ్రేటున నునుపుగా కోసి, రెంటి బెరడుక్రింది పచ్చిపొరలును తాకునట్లు కట్టినగాని యంటు పట్టదు. అందుచే దీని యలుగునకు సాధారణముగా నొకప్రక్కనే వాలు తీసి పదును పెట్టుదురు. మొద్దుచాకు బెరడును నలిపివేయును. మా జిల్లాకు పేరు తెచ్చిన బనగానపల్లె మామిడి యిట్టి అంట్లవలననే తోటతోటకు వ్యాపించినది. టెంక నాటినచో తల్లిచెట్టు గుణము రాకపోవచ్చును.

పిల్లను వెంటబెట్టుకొని నంద్యాల బజారునకు పోతిని. అంగడివాడు చాకులు పఱచుచు, “అబ్బాయికా అమ్మా?” అని యడిగెను. పిల్ల నవ్వి, “నాకే నన్నా” అని యొక్కొక్కదానిని తెఱచి మూసి, అలుగు నెండకు పట్టి చూచి, కఱ్ఱపిడి గల మడతచాకు నేర్చుకొన్నది. మెఱయుచున్న పెద్దచాకును వలదన్నది. ఆ యెన్నిక చూచి నాకు నిశ్చింత కలిగినది.

ఇచ్చుటలోను నియమము కలదు. కత్తిని చేతికి చేతికి ఇయ్యరాదని మా యమ్మ పట్టు; పీటమీద పెట్టినచో రెండవవారు తీసికొనవలెను. పాశ్చాత్యులలో చాకు పుచ్చుకొన్నవారు స్నేహము తెగకుండుటకై యొక నాణెము మరల నిత్తురట. నమ్మకము లేమైనను, పదునుగలదానిని జాగ్రత్తగా చేతులు మార్చవలెనను బుద్ధి రెంటను కలదు. నేను చాకుతోపాటు చిన్న సానరాయియు, గుడ్డముక్కయు నిచ్చితిని. సాన లేని చాకు నూనె లేని దీపము వంటిది.

స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ అను నాతడు 1884లో చాకుల కార్యశాల పెట్టెను. 1909లో తల్లి చనిపోగా, విక్టోరియా యను నామె పేరునే తన చాకులకు గుర్తుగా నుంచెను. తుప్పుపట్టని ఉక్కును తెలుపు నినాక్స్ అను మాట పిదప చేరి, 1921లో నది విక్టోరినాక్స్ అయినది. లోకములో నెందఱో పురుషుల జేబులలో తిరుగుచున్న చాకుమీద నొక తల్లి పేరున్నదని చెప్పగా మా యమ్మ యాశ్చర్యపడి, “అట్లయిన నాడుపిల్ల కిచ్చుట తప్పుకాదులే” అనెను.

పిల్లలు చదువులకు పోవునప్పుడు మనము చీరలు, నగలు కట్టి పంపుదుము. అవి వారి యందమును కోరు కానుకలు. పనిముట్టు వారి చేతిని నమ్ము కానుక. మీ యింటి యాడుబిడ్డ యేదైన పనిముట్టు నడిగినచో, ఎందుకని యదలింపక, ఏ పనికని యడుగుడు. ఆమె సరిగా చెప్పగలిగినచో, నాసిరకము గాక మంచిదే కొని యిండు.