చిలికా సరస్సులో మన తీరపు డాల్ఫిన్

ఆమదాలవలసలో రైలు స్టేషను ఉంది గాని, దాని పేరు మాత్రం శ్రీకాకుళం రోడ్డు. మన తీరంలో దొరికిన ఒక జంతువు సంగతీ ఇలాంటిదే. 1852లో విశాఖపట్నం రేవులో దొరికిన ఒక చిన్న డాల్ఫిన్‌ను ఆధారం చేసుకొని, ఇంగ్లండు దేశపు శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఓవెన్ 1866లో ఈ జాతిని గూర్చి మొట్టమొదట వర్ణించాడు. అయినా లోకమంతా దానిని ఐరావతి డాల్ఫిన్ అనే పిలుస్తోంది. ఒకప్పుడు మన పల్లెలనుండి ఎందరో కూలి పనులకు ‘రంగం’ వెళ్లేవారు గదా! ఆ బర్మా దేశపు ఐరావతి నదిలోనూ ఇవి ఉండడం వలన ఆ పేరు వచ్చింది.

వీటిని కళ్లారా చూడాలనుకునే మనవారికి దగ్గరి చోటు ఒడిశాలోని చిలికా సరస్సు. ఆమదాలవలసనుండి రైలు పలాస, ఇచ్ఛాపురం, బరంపురం దాటి రంభ సమీపించేసరికి, ఒకవైపు తూర్పు కనుమలు, మరొకవైపు అంతు కనబడని నీరు ప్రత్యక్షమవుతాయి. పక్షులను చూడగోరేవారు బాలుగావ్‌లో దిగవచ్చు. డాల్ఫిన్లకోసమైతే ఖుర్దా రోడ్డు మీదుగా పూరీ చేరి, అక్కడినుండి రోడ్డు మార్గాన సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని సాతపడా రేవుకు వెళ్లాలి. అక్కడి జాలరి కుటుంబాలవారే మోటారు పడవలు నడుపుతారు.

పుస్తకాల్లో బొమ్మలవలె ఈ డాల్ఫిన్లు గాలిలోకి ఎగిరి గంతులు వేస్తాయని ఆశించకండి. గుండ్రని తల, ముక్కులేని మూతి, వీపుమీద చిన్న రెక్క, బూడిద రంగు ఒళ్లు. ‘ఫూ’మని ఊపిరి వదలి, క్షణంలో మునిగిపోతుంది. ఇది చేప కాదు. పిల్లకు పాలిచ్చి పెంచే జంతువు. అందుచేత గాలికోసం పైకి రాక తప్పదు. వలలో చిక్కుకొని పైకి రాలేకపోతే ఊపిరాడక చనిపోతుంది.

ఈ సరస్సు ఒకప్పుడు చచ్చిపోయే స్థితికి వచ్చింది. మహానది పాయలు తెచ్చిన ఒండ్రు, అలలు తోసిన ఇసుక కలిసి సముద్రపు మొగను మూసివేశాయి. ఉప్పునీరు రాక తగ్గింది; నాచు, కలుపు పెరిగాయి; చేపలు తరిగిపోయి జాలరులు ఇబ్బందులపాలయ్యారు. 1993లో చిలికాను ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితాలో చేర్చారు. 2000 సెప్టెంబరులో కొత్త మొగ త్రవ్వగా సముద్రం మళ్లీ లోపలికి వచ్చింది. చేపల దిగుబడి ఎన్నో రెట్లు పెరిగింది. 2002లో చిలికా పేరును ఆ జాబితానుండి తొలగించారు.

చేపలు పెరిగితే వాటిని తినే జీవులకూ మేలే గదా! చలికాలంలో సైబీరియా, మంగోలియా వంటి దూర దేశాలనుండి పక్షులు ఇక్కడికి వస్తాయి. ఇటీవలి లెక్కల్లో వాటి సంఖ్య 10 లక్షలు దాటింది. నలబన అనే దీవి వర్షాకాలంలో నీట మునిగి, చలికాలంలో పైకి తేలి, వాటికి విడిది అవుతుంది. కాని డాల్ఫిన్లు మాత్రం ఇటీవలి లెక్కల ప్రకారం సుమారు 150 మాత్రమే.

ఇప్పుడు వాటికి ముప్పు వలలవలననే కాదు, చూడవచ్చిన మనవలన కూడా. "బాబూ, ఇంకొంచెం దగ్గరికి పోనీ" అని మనం తొందరపెడితే, పడవవాడు నాలుగు డబ్బులకోసం ఇంజను వేగం పెంచుతాడు. నాలుగైదు పడవలు చుట్టుముడితే, గాలికోసం పైకి వచ్చిన తల్లికీ పిల్లకీ పంకా రెక్కలు తగిలే ప్రమాదం ఉంది. తప్పు పడవవానిది మాత్రమే అనలేము; అతనికి బేరం మనమే.

కనుక పిల్లలతో వెళ్లేవారు పడవ ఎక్కకముందే ఒక మాట చెప్పండి: "దూరంగా ఇంజను ఆపేయి నాయనా, కనబడకపోయినా నీ డబ్బులు నీకిస్తాం." గాలి తక్కువగా ఉండే ఉదయం వేళ బయలుదేరండి. అందరికీ, ముఖ్యంగా చిన్నపిల్లలకు, లైఫ్ జాకెట్లు తొడిగించండి. ప్లాస్టిక్ సంచులు నీటిలో వేయనివ్వకండి. ఇంజను ఆగాక పిల్లలను నిశ్శబ్దంగా కూర్చోమనండి. ఆ ‘ఫూ’మనే ఊపిరి మొదట వినబడుతుంది, వీపు తర్వాత కనబడుతుంది.