పది సెకన్ల నాన్న

సంక్రాంతికి పిల్లల చేత కోలాటం వేయించాలని మా అపార్ట్‌మెంట్‌లో ఆడవాళ్లంతా తీర్మానించారు. పాట మా అమ్మాయి పాడుతుంది. వెనక వాయిద్యం సంగతి నాకు అప్పగించారు. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి కంప్యూటర్‌తో అయ్యే పనులన్నీ వచ్చేస్తాయని మావాళ్ల నమ్మకం.

నిజానికి ఇప్పుడది మరీ అంత కష్టమైన పనేం కాదు. ఇంట్లోనే పాట రికార్డు చేసుకునే సాఫ్ట్‌వేర్‌లు ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిలో వాడుకోవడానికి రెడీమేడ్ డ్రమ్ లూప్‌లూ దొరుకుతాయి. లూప్ అంటే మరేం లేదు, కొన్ని సెకన్ల దరువు ముక్క. దాని తోక తీసుకెళ్లి తలకి అతికిస్తే గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. అలాంటి డోలక్ లూప్ ఒకటి తెచ్చి పెట్టాను. మా అమ్మాయి విని మూతి ముడిచింది. "ఇది అందరి రీల్స్‌లోనూ ఉంటుంది నాన్నా. తాతయ్య వాయిస్తే ఇలా ఉండదు" అంది.

మా నాన్న తెనాలి దగ్గర మా ఊళ్లో రామాలయం భజనలకీ, కోలాటాలకీ డోలక్ వాయించేవాడు. పెళ్లిళ్ల సీజన్లో ఆర్కెస్ట్రా వాళ్లు కారేసుకొచ్చి తీసుకెళ్లేవారు. కొన్నాళ్లకి వాళ్ల దగ్గరికి ఎలక్ట్రానిక్ ప్యాడ్ వచ్చింది. రెండు పుల్లలతో కొడితే డోలక్, తబలా, డప్పు అన్నీ అందులోనే పలికేవి. నాన్న కోసం కారు రావడం మానేసింది. ఆయన ఎవర్నీ ఏమీ అనలేదు. డోలక్‌కి పాత పంచె చుట్టి అటకెక్కించాడు. హైదరాబాద్‌లో మా దగ్గరికి వచ్చేసినప్పుడు దాన్నీ తెచ్చుకున్నాడు. ఇక్కడా అటక మీదే. ఇప్పుడాయనకి డెబ్భై మూడేళ్లు. కుడి భుజం పట్టేస్తోంది. రెండు నిమిషాలు వాయిస్తే చెయ్యి లేవదు. యంత్రం వల్ల పని పోయిన మనిషిని, యంత్రం కోసం వాయించమని ఎలా అడగడం?

రెండ్రోజులు నానబెట్టి అడిగాను. "నాలుగు నిమిషాల పాట నా వల్ల కాదురా" అన్నాడు.

"నాలుగు నిమిషాలు అక్కర్లేదు నాన్నా. పది సెకన్లు చాలు."

లెక్క చెప్పాను. నిమిషానికి 96 దెబ్బల నడకైతే దెబ్బకీ దెబ్బకీ మధ్య 0.625 సెకను. నాలుగు దెబ్బల ఆవర్తం రెండున్నర సెకన్లు. నాలుగు ఆవర్తాలు పది సెకన్లు. వాటిని 24 సార్లు తిప్పితే పాట పూర్తి. "అయితే ఒక్క ఆవర్తమే తిప్పొచ్చుగా?" అంది మా ఆవిడ. తిప్పొచ్చు. కానీ చెవి మూడోసారికే కనిపెట్టేస్తుంది. మూడు ఆవర్తాలు మామూలుగా, నాలుగోది చిన్న ముక్తాయింపుతో ఉంటే పాట నడుస్తున్నట్టుంటుంది.

ఆదివారం మధ్యాహ్నం పడగ్గదిలో ఫ్యాను ఆపేసి, పరుపుని గోడకి నిలబెట్టి, కిటికీకి దుప్పటి కట్టాం. చప్పుడు గోడకి తగిలి తిరిగొస్తే లూప్‌లో అది కూడా తిరుగుతుంది మరి. రెండు వైపులా సమానంగా వినపడేలా మైకుని రెండడుగుల దూరంలో పెట్టాను. నాన్న తాళ్లకున్న రింగులు జరిపి బిగించుకున్నాడు. హెడ్‌ఫోన్‌లో ఆయనకి టిక్‌టిక్ వినిపించాను. మొదటిసారి కుక్కర్ కూసింది. రెండోసారి ఆయనే ఆగిపోయి, "ఈ టిక్కు నన్ను తరుముతోందిరా" అన్నాడు. మూడోసారి ఎనిమిది ఆవర్తాలు ఏకధాటిగా వాయించి చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. అందులో మధ్య నాలుగూ తీసుకున్నాను. మొదట్లో చెయ్యి ఇంకా కుదురుకోదు, చివర్లో అలిసిపోతుంది.

రాత్రి అడాసిటీలో కత్తిరింపు. శబ్దపు అల పైకీ కిందికీ ఊగుతూ మధ్య గీతని దాటే చోట కోయాలి. ఎక్కడపడితే అక్కడ కోస్తే అతుకు దగ్గర 'టప్'మంటుంది. జెడ్ మీట నొక్కితే కోత దానంతటదే సరైన చోటికి జరుగుతుంది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. తెరమీద తాళానికి గీతలుంటాయి కదా, నాన్న మూడో దెబ్బ ప్రతిసారీ గీతకి కాస్త వెనక పడుతోంది. సెకనులో యాభయ్యో వంతు ఉంటుందేమో. వయసైపోయింది పాపం అనుకున్నాను. ఒక్కో దెబ్బా విడిగా కోసి గీత మీద కూర్చోబెట్టేసరికి అర్ధరాత్రి దాటింది.

పొద్దున్నే వినిపించాను. నాన్న కళ్లు మూసుకుని విన్నాడు.

"బాగుంది. ఎవరు వాయించారు?"

వేళాకోళం అనుకున్నాను. కాదు. సరిచేశానని చెప్పాను. ఆయన బల్ల మీద వేళ్లతో వాయించి చూపించాడు. "మూడో దెబ్బకి పిల్లలు తిరిగి పక్కవాళ్ల కర్రకి కర్ర అందించాలి. ఆ అడుగు పడేదాకా ఆగాలి. ఇన్నేళ్లూ వాళ్ల కాళ్లు చూసే వాయించాను. అది వయసు కాదురా."

నాకు మాట రాలేదు. అసలు రికార్డింగ్ విడిగా దాచి ఉంచాను కాబట్టి బతికిపోయాను. ఇంట్లో ఇలాంటివి చేసేవాళ్లకి నేను చెప్పేది అదొక్కటే. దిద్దే ముందు అసలుది దాచుకోండి.

అప్పుడు నాన్న ఇంకో మాట అడిగాడు. "రేపు ఎవడైనా ఇది తీసి వాడుకుంటే నాదని తెలుస్తుందా?"

నేను చదివిన సంగతొకటి చెప్పాను. 1969లో అమెరికాలో ది విన్‌స్టన్స్ అనే బృందం 'ఆమెన్, బ్రదర్' అని ఒక రికార్డు చేసింది. అందులో గ్రెగరీ కోల్‌మన్ అనే డ్రమ్మర్ ఒక్కడే నాలుగు ఆవర్తాలు వాయించాడు. ఆరేడు సెకన్లు. తర్వాతి రోజుల్లో ఆ ముక్కని లూప్ చేసి వేలాది పాటల్లో వాడుకున్నారు. ఆయనకి పైసా ముట్టలేదు. 2006లో పోయాడు. 2015లో అభిమానులు చందాలేసి 24,000 పౌండ్లు పోగుచేసి బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కి ఇచ్చారు. అది చూడ్డానికి కోల్‌మన్ లేడు.

నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే పేరు రాసి పెట్టు" అన్నాడు.

సాయంత్రం అసలు లూప్‌ని అమ్మాయి పాట కింద పెట్టి మోగించాను. వంటింట్లోంచి అమ్మ గరిటెతో సహా వచ్చేసింది. "భుజం నొప్పితో చస్తుంటే ఆయన్ని మళ్లీ వాయించమన్నావా?" అని నా మీద కేకలేసింది. నాన్న సోఫాలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. పొద్దున నేను దిద్దినది మోగినప్పుడు ఇదే అమ్మ "ఆ టీవీ కాస్త తగ్గించండి" అంది.

ఫైలుకి పేరు పెట్టాను. నాన్న పూర్తి పేరు, ఊరు, డోలక్, 96, తేదీ. ఇంత పొడుగు పేరేంటని మా అమ్మాయి నవ్వింది. ఉండనీ.