కనబడనిదే పేల్చము

అమెరికాలోని కొలరాడో కొండలలో మేము ఏటా అక్టోబరులో ఎల్క్ వేటకు వెళ్తాము. ఎల్క్ మన కణుజువంటి జంతువు. మగది సుమారు 300 కిలోలు తూగుతుంది. వేటగాళ్ల తాకిడి పెరిగితే అది పచ్చిక బయళ్లు విడిచి, దారులకు దూరంగా దట్టమైన చెట్ల నీడలో పగలంతా దాగుతుంది. ఉదయం చల్లగాలి కొండ దిగుతుంది. ఎండ ఎక్కాక పైకి పోతుంది. మా వాసన దానికి తగలకుండా ఎదురుగాలికి ఒక్కొక్క అడుగే వేస్తాము. చట్టం కోరినట్లు మెరిసే నారింజరంగు చొక్కా, టోపీ ధరిస్తాము. అయినను ఆ గుబురులో మనిషి ఆనడు. కొమ్మల సందున ఏదో కదిలినంత మాత్రాన, జంతువేదో, దాని వెనుక ఏమున్నదో తేటగా చూడనిదే తుపాకి పేల్చము. అందుచేత చాలాసార్లు ఉత్తచేతులతోనే వస్తాము. “మాంసమేది?” అని పిల్లలు అడిగితే, “అడవిలోనే ఉంది, వెళ్లినవాళ్లమందరం ఇల్లు చేరాము” అంటాము.