కారులో కోడ్ రివ్యూ

మొన్న మావాడి సాకర్ టోర్నమెంటుకని ఫ్రిస్కో నుంచి హ్యూస్టన్ వెళ్ళాం. పోను నాలుగు గంటల పైమాటే డ్రైవింగు, రెండు రాత్రులు హోటలు, డబ్బాలో పులిహోర. వాడికి 9 ఏళ్ళు. మొత్తమ్మీద ఆడింది ఓ అరగంట. మిగతాదంతా బెంచీయే.

ఏడాది ఖర్చు లెక్కేస్తే ఊళ్ళో అమ్మకి పంపేదానికన్నా ఎక్కువే తేలింది. "ఇప్పుడు మంచి టీములో పడకపోతే ఇక అంతే" అంటారు తోటి తల్లిదండ్రులు. ఏటా ట్రైఅవుట్లు, అంటే ఈ వయసుకే అప్రైజలన్నమాట!

తిరుగు దారిలో వాడి ఆట మీద కోడ్ రివ్యూ మొదలెట్టాను. పాస్ ఎందుకివ్వలేదు, బంతెందుకొదిలేశావ్ అని. కాసేపు విని, "నాన్నా, నీ కోడ్‌లో బగ్ వస్తే మీ మేనేజర్ కూడా ఇంటిదాకా ఇలాగే తిడతాడా?" అన్నాడు. మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

నార్వేలో 11వ ఏడు వచ్చేదాకా పిల్లల ఆటలకి పాయింట్ల పట్టికలు పెట్టరు. 13 దాకా జాతీయ ఛాంపియన్‌షిప్‌లుండవు. ఎర్లింగ్ హాలండ్ పెరిగింది అక్కడే మరి.

నేను గల్లీ క్రికెట్లో డకౌటైతే మా నాన్నకి తెలిసేదే కాదు. అదెంత అదృష్టమో ఇప్పుడర్థమైంది.

వచ్చే ఏడాది ఫీజు కట్టమని మెయిలొచ్చింది. ఈసారి వాణ్ణే అడిగాను. "కట్టు నాన్నా. కార్లో మాత్రం పాటలు పెట్టు" అన్నాడు.