కర్రీ పాయింట్ ఫ్లెక్సీ

వదినా, ఆ బట్టలు తర్వాత ఆరేద్దువుగానీ, ఒకసారి గోడ దగ్గరికి రా. అయ్యప్ప సొసైటీలో మీవాడు పెడుతున్న కర్రీ పాయింట్ ఫ్లెక్సీ పొద్దున్నే చూసొచ్చాను. పేరు బాగుంది, అక్షరాలు బాగున్నాయి. ఆ వినాయకుడేంటి తల్లీ, ఒళ్లంతా చుక్కలు! గుత్తివంకాయ కూరైతే అంచులన్నీ మెట్లు మెట్లుగా ఉంది. ప్రింటింగ్ అబ్బాయిని చెడామడా తిట్టావటగా? పాపం, వాడి తప్పేం లేదు.

ఫోన్‌లో నిగనిగలాడిందంటావా? ఫోన్‌లో బొమ్మ జానెడు కూడా ఉండదు మరి. మీవాడు వాట్సాప్‌లో పంపిన ఫోటో పొడుగు సుమారు 1600 పిక్సెళ్లు. ఆరడుగుల ఫ్లెక్సీ అంటే 72 అంగుళాలు. లెక్కేస్తే అంగుళానికి 22 పిక్సెళ్లు. ఫ్లెక్సీని దూరం నుంచి చూస్తారు కాబట్టి అంగుళానికి 72 ఉన్నా నడిచిపోతుంది. చేత్తో పట్టుకుని చదివే మెనూ కార్డుకి 300 కావాలి. 22 దేనికీ చాలదు. పెద్దది చేయమంటే సాఫ్ట్‌వేర్ ఊహించి పూరిస్తుందే గానీ, అసలు లేని వంకాయని ఎక్కణ్నుంచి తెస్తుంది?

వినాయకుడి గొడవ ఇంకోటి. అది ఏనాటిదో జిఫ్ బొమ్మ. 1987లో వచ్చిన ఆ జిఫ్‌లో బొమ్మకి 256 రంగులే. 1998లో వాజ్‌పేయి వచ్చి మన సైబర్ టవర్స్ ప్రారంభించిన రోజుల్లో చాలా కంప్యూటర్ తెరలు కూడా అన్నే రంగులు చూపించేవి. లేత నారింజ కావాలంటే ఎరుపు చుక్క పక్కన పసుపు చుక్క పెట్టి కంటిని నమ్మించేవాళ్లు. దాన్నే డితరింగ్ అంటారు. 1976లో ఫ్లాయిడ్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు ప్రచురించిన పద్ధతి ఒకటుంది, నాకు భలే నచ్చుతుంది. ఒక గడిలో కావలసిన రంగు దొరకదు, ఉన్నవాటిలో దగ్గరిది వేస్తారు, కాస్త తేడా మిగులుతుంది. ఆ తేడాని 16 పాళ్లు చేసి కుడి పక్క గడికి 7, కింది గడికి 5, కింద ఎడమకి 3, కింద కుడికి 1 ఇచ్చేస్తారు. మనం మిగిలిన పులిహోర ఈ గోడ మీదుగా ఇచ్చిపుచ్చుకోమూ, అలాగన్నమాట!

చిక్కెక్కడంటే, ప్రింటింగ్ మిషన్ కూడా చుక్కలే వేస్తుంది. సయాన్, మెజెంటా, పసుపు, నలుపు... ఈ నాలుగు సిరాలతోనే అన్ని రంగులూ తెప్పించాలి. పేపర్లో సినిమా పేజీని భూతద్దం కింద పెట్టి చూడు, హీరోయిన్ బుగ్గ నిండా చుక్కలే. ముందే చుక్కలున్న బొమ్మని ఆ మిషన్‌కిస్తే చుక్కల మీద చుక్కలు పడి, లేని చారలూ గళ్లూ తేలతాయి. పేపర్లో ఫోటోని జిరాక్స్ తీస్తే వచ్చే చారలూ అవే. చుక్కలు పెట్టే పని ఆఖర్న మిషనే చేయాలి, ఒక్కసారే చేయాలి.

ఇప్పుడేం చేయాలంటావా? వినాయకుడికి గీతలతో చేసిన వెక్టర్ ఫైలు ఇప్పించు, గోడంత చేసినా చెడదు. గుత్తివంకాయ నెట్‌లోది ఎందుకసలు, నీ చేతి వంట ఉండగా! వండి, వెలుతురులో పెట్టి ఫోటో తీయించు. పంపేటప్పుడు మాత్రం వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమను, అలాగైతే కుదించదు. ఫ్లెక్సీ మళ్లీ వేసేముందు జానెడు ముక్క ప్రింటు తీసి చూపించమను.

అన్నట్టు, మెనూ కార్డులు కూడా ఆ ఫోటోలతోనే ఇచ్చారా? అయితే ముందు ఫోన్ తీసి, ప్రింటు ఆపమని చెప్పు.