పక్కింటి రైలు కూత

డిసెంబరు మొదట్లో పక్కింటి బామ్మగారు ఒక అట్టపెట్టె పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు. ఉండేది న్యూజెర్సీలో కదా, ఇక్కడ చాలామంది క్రిస్మస్ చెట్టు చుట్టూ బొమ్మరైలు తిప్పుతారు. తిప్పే ఆయన పోయి రెండేళ్లయింది. "మీ మామగారు రైల్వేలో చేశారట, ఓసారి చూస్తారా?" అన్నారావిడ.

పెట్టెలో లయనెల్ కంపెనీ జెడ్‌డబ్ల్యూ ట్రాన్స్‌ఫార్మర్. 1948లో మొదలైన రకం. ఇది కాస్త తర్వాతది, 275 వాట్లు. ఎత్తబోతే రుబ్బురోలు గుర్తొచ్చింది.

మామయ్య లాలాగూడ వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యారు. అత్తయ్య పోయాక మా దగ్గరికి తెచ్చుకున్నాం. మూడు నెలలుగా "చాలమ్మా", "పడుకుంటానమ్మా", అంతే. చేతులు వణుకుతాయని నా ముందు కాఫీ గ్లాసు కూడా ఎత్తరు. ఇది చేయలేకపోతే ఇంకా ముడుచుకుపోతారేమోనని నా భయం.

"ప్లగ్గు పెట్టకు!" అన్నారు చూడగానే. తీగ మీద రబ్బరు అప్పడంలా పొడిపొడిగా రాలుతోంది. ముందు అది మార్చాలట.

లోపల రాగి చుట్ట మీద చిన్న కార్బన్ చక్రాలు దొర్లుతాయి. హ్యాండిల్ తిప్పితే అవి జరిగి వోల్టేజీ మారుతుంది. అవి అరిగిపోయాయి, కొత్తవి తెప్పించాం. కూత సంగతి భలే ఉంది. పట్టాల్లో పారేది ఏసీ. మీట నొక్కితే అందులో కాస్త డీసీ కలుస్తుంది, అప్పుడే ఇంజను కూస్తుంది. ఆ డీసీ ఇచ్చే పాత బిళ్ల చచ్చిపోయింది. దాని బదులు డయోడ్ వేయాలి.

మామయ్య సోల్డరింగ్ ఐరన్ ఎత్తారు, వణికింది, దించేశారు. నేను సింకు దగ్గర గిన్నెలు తోముతున్నట్టే ఉన్నాను.

"అమ్మాయ్, ఇటురా. నువ్వు పట్టుకో."

ఫ్యూజు కూడా వేయడం రాని దాన్ని! "సోల్డరుని కాదమ్మా, జాయింటుని వేడిచెయ్. అది తనే కరుగుతుంది" అని మూడుసార్లు కసిరారు. పొయ్యి మీద పప్పు మాడింది. లేవనివ్వలేదు. పాత బ్రేకరు నిదానంగా పడుతుందని, పట్టాలకెళ్లే తీగలో త్వరగా పడే కొత్తది కూడా పెట్టించారు.

(మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే ప్లగ్గు పీకాకే విప్పండి. అదీ తెలిసినవాళ్లు పక్కనుంటేనే. ఇండియా తీసుకెళ్లి 230 వోల్టుల్లో నేరుగా గుచ్చకండి, ఇవి ఇక్కడి 120కి చేసినవి.)

ఆదివారం బామ్మగారింట్లో పట్టాలు పరిచాం. రైలు కదిలింది. మీట దగ్గర నేను కూర్చోబోతే మామయ్య నన్ను పక్కకి జరగమని, వణికే చేత్తోనే నొక్కారు. కూసింది. బామ్మగారు కళ్లు మూసుకుని "ఇంకోసారి" అన్నారు.

తిరిగొస్తుంటే మంచులో జారకుండా నా చెయ్యి పట్టుకున్నారు మామయ్య. "క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు ఇంజను కూస్తే మీ అత్తయ్య చెవులు మూసుకునేది, తెలుసా?" అన్నారు. తెలీదన్నాను. ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉన్నారు.