చక్రాల పలకకు కందెన



గత వేసవి సెలవులలో మేము విశాఖపట్టణమున మా చెల్లెలి యింట పది దినములుంటిమి. మరలి వచ్చునపుడు ఆమె కుమారుడు తన చక్రాల పలకను, అనగా స్కేటుబోర్డును, బడులు తెరచువరకు మా చిన్నవానికి ఎరువిచ్చెను. ఆ పలకవలన మా బిడ్డకు కలిగిన బాధకు కారకులము మేమే. ఆ సంగతి దాచుకొనక చెప్పుటకే యీ వ్రాత.

సముద్రతీరమున పిల్లలు పలకను బాటపై నడుపుటతో తృప్తినొందక, తడియిసుకమీదికి తోసి, అలలు వచ్చి చక్రములను ముంచుచుండ కేరింతలు కొట్టిరి. మేము గట్టున కూర్చుండి మురిసితిమే కాని వారింపలేదు. భద్రాచలముచెంత అడవియంచున నివసించు మాకు ఇసుక క్రొత్తది కాదు. ఎండలకు గోదావరి చిక్కి తిన్నెలు బయటపడినపుడు మావారి సైకిలు ఆ యిసుకబాటనే పాఠశాలకు పోవుచుండును. అయితే ఏటియిసుకలో ఉప్పు లేదు. లీటరు సముద్రజలమునందు సుమారు 35 గ్రాముల లవణముండును. ఇసుక ఉక్కును ఒరయును, ఉప్పు తుప్పు పట్టించును.

ఇల్లు చేరిన పిదప చక్రములు కరకరలాడుట విని మేమే శుభ్రపరచబూనితిమి. అంట్లు తోమినట్లు కొళాయినీట కడిగి, తడి యారకముందే గరిటెడు నువ్వులనూనె పోసితిమి. మా యమ్మమ్మగారింట ఎడ్లబండి యిరుసునకు ఆముదము, కాల్చిన గడ్డిమసి కలిపి కందెన పెట్టుట చిన్ననాట చూచితిమి గదా, నూనె యేదైనను నూనెయే యని మా ధీమా. రెండు దినములు చక్రములు చక్కగా తిరిగినవి. అంతట ఆవకాయ పనులు వచ్చిపడి పలక పదునైదు దినములు మూలనుండెను.

తరువాత ఒకనాటి సాయంకాలము మా వాడు దానిని వాలుబాటకు గొనిపోయెను. ముందరి చక్రము ఉన్నట్టుండి బిగుసుకొనెను. పలక ఆగెను, బిడ్డ ఆగలేదు. ఎడమ మణికట్టు ఎముక చిట్లినదని ఎక్స్‌రేలో తేలినది. కట్టు నాలుగు వారములు. నొప్పితో కుములు పిల్లవానిని ఊరడింపవలసినది పోయి, నీ దుడుకుతనమే నిన్ను పడవైచినదని మేము గద్దించితిమి. వాడు బదులాడలేదు.

మరునాడు పలకను సైకిలు షాపునకు మేమే తీసికొనిపోతిమి. ఆ ముసలాయన మర విప్పి, చక్రమునుండి బేరింగు నూడదీసి, పైమూత తొలగించి చూపెను. లోపల ఎఱ్ఱని తుప్పు, ఇసుకరేణువులు, వానిని పట్టుకొని బంకవలె ముదిరిన మా నువ్వులనూనె! “లోపలి ఇసుక తీయకుండా నూనె పోస్తే ఇసుకను తడిపినట్టే గదమ్మా” అనెను. మాకు నోట మాట రాలేదు.

బండియిరుసునకును దీనికిని గల భేదము అపుడు తెలిసినది. బండికుండకును ఇరుసునకును నడుమ సందు ఎక్కువ, నడక మెల్లన, కందెన మాటిమాటికి పెట్టుదురు. ఈ బేరింగు రూపాయబిళ్ళంతటిది. దీనికి ఎల్లెడలను 608 అను సంఖ్య గుర్తు: లోపలి రంధ్రము 8 మిల్లీమీటర్లు, వెలుపలి వ్యాసము 22, మందము 7. లోపల సాధారణముగా ఏడు ఉక్కుగుండ్లుండును. చక్రమునకు రెండేసి చొప్పున పలకకు ఎనిమిది బేరింగులు. 1794లో ఫిలిప్ వాన్ అను వేల్స్ దేశీయుడు బండియిరుసునకు గుండ్లు అమర్చు విధమునకు పేటెంటు పొందెను. ఒరిపిడిని దొరలుటగా మార్చుటయే అందలి కిటుకు. గుండు దొరలుదారిలో ఒక్క యిసుకరేణువు చాలును. పలుగురాతి రేణువు ఉక్కుతో పోటీపడునంత గట్టిది.

కైకేయి రథపు ఇరుసులో శీలకు బదులు తన వ్రేలుంచి దశరథుని కాపాడెనని మన పెద్దలు చెప్పుకొందురు. వాల్మీకి మాత్రము ఆమె మూర్ఛిల్లిన భర్తను రణభూమినుండి తప్పించెననియే చెప్పెను. ఏది యెట్లున్నను, చక్రముల సంగతి ఆడువారికి ఎందుకని ఎవరైన అన్నచో ఆ కథ చెప్పుడు. మధ్యప్రదేశమున పన్నా జిల్లాలోని జన్వార్ గ్రామమున 2015లో పిల్లలకై ఇట్టి పలకల మైదానము వెలసినది. అచట బాలికలకే మొదటి వంతు, బడికి పోనివారికి పలక లేదు అని నియమము పెట్టిరి.

ఇక శుభ్రపరచు విధము. పొయ్యికి దూరముగ, ఆరుబయట కూర్చుండవలెను. బేరింగు మూతను గుండుసూదితో మెల్లగా ఎత్తి, గాజుసీసాలో కిరోసినుపోసి, అందు బేరింగులను వైచి బాగుగ కుదుపవలెను. మురికి దిగినకొలది కిరోసిను మార్చవలెను. రేణువు కనబడనంతవరకు విడువరాదు. పిమ్మట పొడిగుడ్డపై ఆరబెట్టి, ఒక్కొక్కదానికి కుట్టుమిషను నూనె ఒకటి రెండు చుక్కలు. అంతకుమించిన ధూళిని పిలిచినట్లే. నువ్వుల, వేరుసెనగనూనెలు గాలి సోకి జిగురగును. కొబ్బరినూనె చలికి గడ్డకట్టును. గుండ్లపై గుంటలు పడిన బేరింగును మాత్రము కడిగి లాభములేదు, మార్చవలసినదే. మావానిలో మూడట్లు పోయినవి. ఎక్కుటకు ముందు ప్రతి చక్రమును వ్రేలితో త్రిప్పి వినుట అలవాటు చేసితిమి.

ఆ రాత్రి అన్నము కలిపి ముద్దలు పెట్టుచు, తప్పు మాదేయని వానితో చెప్పితిమి. వాడు కొంతసేపు నమలి, “మరి అన్నయ్యకు ఏమని చెబుదామమ్మా?” అని యడిగెను. వానికి చేతినొప్పికంటె ఎరువుసొమ్ము చెడినదన్న దిగులే పెద్దదిగా నుండెను. జరిగినదంతయు మేమే వ్రాసెదమంటిమి. మా చెల్లెలికి అట్లే వ్రాసితిమి.

బడులు తెరచుటకు ముందు చక్రములన్నియు బిగించినపుడు, మా వాడు ఎడమచేయి ఒడిలో నుంచుకొని, కుడిచేతి వ్రేలితో ఒక్కొక్క చక్రము త్రిప్పి, ఆగువరకు అంకెలు లెక్కపెట్టెను. పలకతోపాటు కుట్టుమిషను నూనెసీసా యొకటి విశాఖకు పంపితిమి.